పడమటి గాలిలో డ్రోన్ దించడం: చెన్నై ఒడ్డున నా అనుభవం

జూలైలో పొద్దున ఏడింటికి కోవళం దగ్గర ఒడ్డున నిలబడితే సముద్రం నున్నగా, ఇస్త్రీ చేసిన బట్టలా ఉంటుంది. నురగ లేదు, పెద్ద అల లేదు. డ్రోన్ ఎగరేయడానికి ఇంతకంటే మంచి పూట దొరకదనిపిస్తుంది. మోసమంతా అక్కడే. నైరుతి రుతుపవనాల నెలల్లో చెన్నైలో పొద్దుటి గాలి పడమటిది. నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంది. ఒడ్డు పక్క నీళ్ల మీద ఆ గాలి నడిచిన దూరం తక్కువ కాబట్టి అల లేవదు. విరిగే అలను కాస్త పరీక్షగా చూస్తే, దాని కొప్పు మీది తుంపర ఒడ్డుకు కాకుండా వెనక్కి, సముద్రం వైపు ఎగురుతూ కనిపిస్తుంది. దొరికే గుర్తు అదొక్కటే. సరుగుడు తోట చాటున నిలబడ్డ మనిషి చెంపకు గాలే తగలదు. డ్రోన్ మాత్రం చెట్ల తలలు దాటిన క్షణం నుంచీ సముద్రం లోపలికి కొట్టుకుపోతుంటుంది.

అందుకే నేను గాలి రోజున దించడం గురించి ఆలోచించేది దించేటప్పుడు కాదు, బ్యాగ్ జిప్ తీయకముందు. ఎక్కడ దిగాలి, ఏ పక్క నుంచి రావాలి, ఎంత బ్యాటరీ ఉండగా మొదలుపెట్టాలి అన్న మూడూ తేలాకే రెక్కలు విప్పుతాను. నా చేతిలో ఎక్కువగా ఉండేది డీజేఐ మినీ 3 ప్రో. 249 గ్రాములు. కింద చెప్పే అంకెలు దానివే. మీ దగ్గర వేరేది ఉంటే దాని పుస్తకంలో చూసి అంకెలు మార్చుకోండి, పద్ధతి మారదు.

ముందు గాలి లెక్క. ఈ డ్రోన్ తట్టుకునే గాలి సెకనుకు 10.7 మీటర్లని కంపెనీ చెప్తుంది. ఫోన్లో వాతావరణం యాప్ గంటకు 22 కిలోమీటర్లు చూపిస్తుంది. 3.6తో భాగిస్తే సెకనుకు 6.1. బోలెడు తేడా ఉంది కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ యాప్ చెప్పే గాలి నేల నుంచి 10 మీటర్ల ఎత్తులోది, అదీ కొన్ని నిమిషాల సగటు. బయలు ప్రదేశంలో 60 మీటర్ల ఎత్తుకు వెళ్తే అదే గాలి దాదాపు 1.3 రెట్లు, అంటే 8 దాకా ఉంటుంది. దాని మీద విసురు వచ్చినప్పుడు ఇంకో నలభై శాతం కలుపుకోండి. 11 దాటింది. కింద 6 అనుకున్న గాలి పైన డ్రోన్ హద్దు దాటేసింది. యాప్‌లో 'గస్ట్స్' (విసుర్లు) అని వేరే వరుస ఉంటుంది, నేను చూసేది అదే. అది గంటకు 35 దాటితే మినీ బయటికి రాదు. 28 నుంచి 35 మధ్య ఉంటే 30 మీటర్ల పైకి వెళ్లదు.

గాలి కొలిచే చిన్న పరికరం ఒకటి జేబులో ఉంటే మంచిదే, కానీ దాన్ని చెయ్యెత్తి పట్టినా రెండు మీటర్ల ఎత్తులోనే కొలుస్తుంది. 60 మీటర్ల మీద ఉన్నదాంట్లో అరవై శాతం చూపిస్తుందంతే. అది 6 అంటే పైన 10 అని చదువుకోవాలి.

చెన్నైలో గాలికి ఒక దినచర్య ఉంది, అది తెలిస్తే సగం పని అయినట్టే. ఎండాకాలంలో ఉదయం మందంగా ఉండి, పదకొండు, పన్నెండు తర్వాత సముద్రపు గాలి ఎక్కుతుంది. తూర్పు, ఆగ్నేయం నుంచి ఒడ్డు మీదికి వస్తుంది. జూన్, జూలైల్లో పడమటి గాలి బలంగా ఉండబట్టి సముద్రపు గాలికి సందు దొరకదు, ఆలస్యంగా వస్తుంది, కొన్నిరోజులు అసలు రాదు. వచ్చినప్పుడు మాత్రం పావుగంట, ఇరవై నిమిషాల్లో దిక్కే తిరిగిపోతుంది. మధ్యలో ఒక స్తబ్ధత ఉంటుంది, దాన్ని చూసి గాలి తగ్గిందని బ్యాటరీ మార్చి మళ్లీ ఎగరేస్తే, దిగేటప్పటికి గాలి ఎదురు దిక్కులో ఉంటుంది. అక్టోబరు నుంచి ఈశాన్యం గాలి, తెరలు తెరలుగా వానతో. ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాలది మరో రకం. పడమట మబ్బు నల్లబడి ఉరుము మొదలైతే, వాన కంటే ముందు చల్లటి ఈదురుగాలి ఒక్క దెబ్బగా వస్తుంది. వొంటికి చల్లదనం తగిలాక దించుదామంటే అప్పటికే ఆలస్యం. పడమటి ఆకాశం నల్లబడితేనే దించేయాలి.

దీన్నిబట్టి ఒకే ఒడ్డుకు రెండు నియమాలు. ఎటు వెళ్లినా ఎదురుగాలికి వెళ్లి, వాలు గాలికి తిరిగిరావాలన్నది డ్రోన్ వాళ్లందరికీ తెలిసిందే. మే నెల సాయంత్రం సముద్రం మీదికి వెళ్లడమంటే ఎదురుగాలికి వెళ్లడం, తిరిగొచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. జూలై పొద్దున అదే దారిలో వెళ్తే గాలివాటుకు వెళ్లినట్టు. స్క్రీన్ మీద వేగం చూసి ముచ్చటపడతాం, తిరిగిరావడం గండమవుతుంది. లెక్క చూడండి. పైన గాలి 9 ఉందనుకుందాం, డ్రోన్ 600 మీటర్లు లోపల ఉంది. నార్మల్ మోడ్‌లో దాని వేగం 10. చేతికి మిగిలేది సెకనుకు 1 మీటరు. 600 సెకన్లు, అంటే పది నిమిషాలు. స్పోర్ట్ మోడ్‌లో 16 కాబట్టి 7 మిగులుతుంది, నిమిషంన్నరలో ఒడ్డు చేరుతుంది. తేడా మోటారు బలంలో లేదు. నార్మల్‌లో డ్రోన్ 25 డిగ్రీలకు మించి ముందుకు వంగదు, స్పోర్ట్‌లో 40 దాకా వంగుతుంది. ఎంత వంగితే గాలిని అంత చీలుస్తుంది. అందుకే పడమటి గాలి రోజుల్లో నేను నీళ్ల మీదికి వెళ్లను. ఒడ్డు వెంట ఉత్తరానికో దక్షిణానికో వెళ్తాను, సముద్రం షాట్ కావాలంటే అలలు విరిగే గీత దాటకుండా తీస్తాను.

ఆటోమేటిక్‌గా ఇంటికి వచ్చే ఆర్‌టీహెచ్‌ని గాలి రోజున నమ్ముకోకండి. సెట్టింగ్‌లో ఆర్‌టీహెచ్ ఎత్తు 100 మీటర్లు పెట్టి ఉంటే, బటన్ నొక్కగానే అది ముందు 100 మీటర్ల పైకి ఎక్కుతుంది, అంటే గాలి మరీ ఎక్కువున్న చోటికి. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన కొబ్బరిచెట్టుకో స్తంభానికో పది మీటర్లు పైన పెట్టుకుంటే చాలు, ఒడ్డున అది చాలాచోట్ల 30 మీటర్లు దాటదు. అసలు ఎత్తు గురించి డ్రోన్ రూల్స్ 2021 చెప్పేది ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్లు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉన్న చోట 200 అడుగులే, 60 మీటర్లు. చెన్నైలో మీనంబాక్కం విమానాశ్రయం ఉంది, తాంబరం వైమానిక స్థావరం ఉంది, దక్షిణాన కల్పాక్కం అణు కేంద్రం ఉంది. ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ ప్రతిసారీ చూడకుండా బయల్దేరకండి. మ్యాప్ 120 ఇచ్చిందని గాలి 120 ఇవ్వదు, అది వేరే సంగతి.

పైకి లేపగానే నేను ఐదు మీటర్ల దగ్గర అర నిమిషం ఆపుతాను, తర్వాత 20 దగ్గర ఇంకో అర నిమిషం. స్టిక్కులు వదిలేసి చూస్తాను. స్క్రీన్ మీద మ్యాప్ మూలన దిక్సూచి గుర్తు తెరిస్తే డ్రోన్ ఎటు ఎంత వంగి నిలబడిందో కనిపిస్తుంది. నిలబడ్డ చోటే వంగి ఉందంటే గాలి అటునుంచి వస్తోందని. ఆ దిక్కు గుర్తు పెట్టుకుంటే దించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. చెవికీ తెలుస్తుంది. నిలకడ గాలిలో మోటారు ఒకే శ్రుతిలో మోగుతుంది, విసురు గాలిలో శ్రుతి పైకీ కిందికీ ఊగుతుంది. ఊగేది ఎక్కువైతే దించడం కష్టమని అక్కడే తేలిపోతుంది. నిలకడగా 8 వీచే గాలి కంటే 4కీ 9కీ మధ్య ఊగే గాలే నేల దగ్గర డ్రోన్లను బోర్లా వేస్తుంది.

బ్యాటరీ విషయంలో నా కొలత ఇది. కంపెనీ లెక్కలో 34 నిమిషాలంటే గాలి లేని చోట నిమిషానికి మూడు శాతం. గాలిలో నిలబెట్టినప్పుడు నాకు నాలుగు నుంచి ఐదు పోతుంది. దించడానికి మూడు ప్రయత్నాలు పట్టవచ్చు, ఒక్కోదానికి నిమిషం. అంటే పదిహేను శాతం దించడానికే. కాబట్టి 40 దగ్గర తిరుగుముఖం పట్టి, 30 ఉండగా దించే చోటి పైన ఉండాలి. 15తో వచ్చి నిలబడితే ఒక్క ప్రయత్నమే ఉంటుంది, ఆ ఒక్కటీ కంగారుగా చేస్తాం.

బ్యాటరీ మరీ అడుగంటితే డ్రోన్ మనల్ని అడగకుండా ఉన్నచోటే దిగడం మొదలుపెడుతుంది. అప్పుడు చేతులెత్తేయక్కర్లేదు. కుడి స్టిక్కు పనిచేస్తూనే ఉంటుంది. దిగుతున్న డ్రోన్‌ని పక్కకు నడపొచ్చు. ఎడమ స్టిక్కు పైకి తోస్తే దిగే వేగం తగ్గుతుంది. నీళ్ల మీద ఉంటే ఈ రెండూ కలిపి తడి ఇసుక దాకా తెచ్చుకోవచ్చు. పొడి ఇసుక దాకా తేవాలని ఆశపడకండి.

ఇక కిందికి తేవడం. దూరంగా ఉన్నప్పుడే ఎత్తు తగ్గించాలి. 60 మీటర్ల మీద ఎదురుగాలితో పోట్లాడుతూ వచ్చి నెత్తి మీద ఆగి దిగడం కంటే, 15 మీటర్లకు దిగి వస్తే గాలి తగ్గుతుంది, బ్యాటరీ మిగులుతుంది. నిట్టనిలువుగా దించొద్దు, ముందుకు నడుపుతూ ఏటవాలుగా దించండి. డ్రోన్ కిందికి తోసిన గాలిలోకే అదే వేగంగా దిగితే రెక్కలకు పట్టు దొరకదు. ఊగిపోతుంది, ఒక్కసారి కిందికి జారుతుంది. గాలి వీస్తున్నంతసేపు ఆ తోసిన గాలి పక్కకు కొట్టుకుపోతుంది కాబట్టి ఈ బెడద తక్కువ. చిత్రమేమిటంటే, గాలి చాటుకు వచ్చాకే అది ఎక్కువవుతుంది. చాటులోకి వచ్చాక సెకనుకు ఒక మీటరు మించి దించకండి.

స్పోర్ట్ మోడ్‌లో వస్తున్నవాళ్లు ఒకటి మరిచిపోతారు. అందులో అడ్డంకులు పసిగట్టే సెన్సర్లు పనిచేయవు, ఆగడానికి గాలి లేనప్పుడే 30 మీటర్లు కావాలి. వాలు గాలి అయితే ఇంకా ఎక్కువ. దించే చోటికి 50 మీటర్ల దూరంలో నార్మల్‌కి మార్చేస్తాను.

గాలి చాటు ఎంచుకోవడం దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే డ్రోన్లు ఎక్కువగా పాడయ్యేది ఈ తెలివి వల్లే. గాలికి గోడ అడ్డం పెట్టుకుందామనుకోవడం సహజం. ఈసీఆర్ (ఒడ్డు వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద రిసార్టుల ప్రహరీలు రెండు మీటర్లకు తక్కువ ఉండవు. ఆ గోడ వెనక చేతికి గాలి తగలదు నిజమే. కానీ గోడ మీంచి దూకిన గాలి కింద సుడి తిరుగుతుంది, గోడ పాదం దగ్గర వెనక్కి, గోడ వైపే లాగుతుంది. కాగితం ముక్క వదిలి చూడండి, గోడకు వెళ్లి అతుక్కుంటుంది. రెండో బాధ ఇంకా పెద్దది. డ్రోన్ అప్పటిదాకా గాలికి ఎదురు 15, 20 డిగ్రీలు వంగి నిలబడి ఉంటుంది. గోడ తల కంటే కిందికి రాగానే ఎదురు తోసే గాలి మాయమవుతుంది, వంపు మాత్రం ఇంకా ఉంది. సగం సెకను పాటు అది ఎవరో వెనక నుంచి తోసినట్టు గోడ మీదికి దూకుతుంది. జీపీఎస్ పట్టి ఆపేలోపు మీటరో రెండో పోతుంది. గోడకు రెండడుగుల దూరంలో దించుదామనుకున్నవాడికి మిగిలేది రెక్కల ముక్కలు. గోడ చాటు తప్పదనుకుంటే కనీసం నాలుగు మీటర్లు వదిలి, ముక్కు గోడ వైపు ఉంచి దించాలి. దూకినా కెమెరాలో కనిపిస్తుంది, ముందు సెన్సర్ పట్టుకుంటుంది.

గోడకంటే సరుగుడు తోట ఎన్నో రెట్లు నయం. సన్నటి ఆకుల్లోంచి గాలి జల్లెడ పట్టినట్టు వస్తుంది, ఆగిపోదు, బలం తగ్గుతుంది. సుడి తక్కువ. చెట్ల ఎత్తుకు మూడు నాలుగు రెట్ల దూరంలో దించే చోటు పెట్టుకుంటాను. పది మీటర్ల చెట్లయితే ముప్పై, నలభై మీటర్లు. అంత దూరంలో డ్రోన్ మెల్లగా గాలి తగ్గిన చోటికి దిగుతుంది, ఒక్కసారి కాదు. చెట్టు నీడ పడేచోట మాత్రం వద్దు. ఊగే నీడను కింది కెమెరా నేల కదులుతోందని అనుకుని, డ్రోన్‌ని నీడ వెంట జరుపుతుంది. ఊగే గడ్డి మీదా, కదిలే నీటి మీదా ఇదే గొడవ.

కారు చాటు కూడా పనికొస్తుంది, కారు వెనక రెండు మూడు మీటర్లు వదిలితే. కారు బానెట్ మీద మాత్రం ఎక్కించొద్దు, దించొద్దు. ఇనుము దగ్గర కంపాస్ తికమకపడుతుంది. డాబా స్లాబులో ఉన్న ఇనుప కంబులతోనూ అదే పేచీ. డాబా గురించి అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. గాలి వచ్చే వైపు పిట్టగోడ దగ్గర దించొద్దు, బిల్డింగ్ ముఖానికి కొట్టిన గాలి అక్కడ పైకి ఎగసి తిరగబడుతుంది. మెట్ల గది వెనకా, వాటర్ ట్యాంక్ వెనకా సుడి ఉంటుంది. మధ్యలో నిలబడి చేత్తో పట్టుకోవడమే మంచిది. ఊళ్లో డాబాల మీద కాకుల గోల, గద్దల గోల, గాలిపటాల దారం వేరే ఉంటాయి. వీలైతే డాబా వద్దనే అంటాను.

ల్యాండింగ్ ప్యాడ్ అని మడత పెట్టుకునే నారింజ, నీలం రంగు గుడ్డ అమ్ముతారు. గాలి రోజున అది డ్రోన్‌కి శత్రువు. మేకులు పొడి ఇసుకలో నిలవవు. దిగుతున్న రెక్కల గాలికి ఒక అంచు లేస్తుంది, లేచిందంటే నేరుగా రెక్కల్లోకి. నేను కారులో కాళ్ల కింద వేసే రబ్బరు మ్యాట్లు రెండు తెచ్చి పక్కపక్కన వేస్తాను, అంచుల మీద తడి ఇసుక పోస్తాను. బరువుంటుంది, కదలదు, కారులో ఎప్పుడూ ఉంటుంది. మ్యాట్ చుట్టూ మీటరు మేర ఇసుక మీద రెండు బాటిళ్ల నీళ్లు చల్లితే ఇసుక లేవదు.

చివరి మూడు మీటర్లు చేతి పనే. ఆటో ల్యాండింగ్ అయితే పది మీటర్ల దగ్గరే రద్దు చేస్తాను. దించే చోటికి గాలివాటు పక్క నుంచి, అంటే గాలికి ఎదురుగా రావాలి. ముక్కు గాలిలోకి. మూడు మీటర్ల ఎత్తులో ఆపి ఊపిరి తీసుకుని లెక్కపెట్టాలి. విసుర్లు ఒంటిగా రావు, రెండు మూడు వెంటవెంటనే వచ్చి తెరిపి ఇస్తాయి. ఒక వరుస పోనిచ్చి తెరిపి చూసి ఒక మీటరుకు దిగాలి. అక్కడ మళ్లీ ఆగాలి. నేలకు అర మీటరు దగ్గర డ్రోన్ తనంతట తాను ఒక క్షణం ఆగి కిందికి చూసుకుంటుంది. చాలామంది అక్కడ ఎడమ స్టిక్కు వదిలేస్తారు. వదలొద్దు. గాలికి అది నేలకు జానెడు ఎత్తులో అటూ ఇటూ జరుగుతూ ఉండడమే అన్నిటికంటే ప్రమాదం. తెరిపి దొరికిందా, ఎడమ స్టిక్కు పూర్తిగా కిందికి లాగి, మోటార్లు ఆగేదాకా పట్టి ఉంచాలి. డ్రోన్ నేలకు ఆనాక కుడి స్టిక్కు ముట్టుకోకూడదు. ముక్కు వైపు అంచు మొదట తగులుతుంది, ఎందుకంటే అది వంగి ఉంది. అప్పుడు సరిచేద్దామని కుడి స్టిక్కు కదిపితే ఆ అంచు మీదే పల్టీ కొడుతుంది.

ఎప్పుడు వద్దనుకోవాలి? మీటరు ఎత్తులో ఉన్నప్పుడు డ్రోన్ పక్కకు జరుగుతున్న వేగం మనిషి నిదానంగా నడిచేంత ఉంటే దించకూడదు. ఆలోచించకుండా మూడు మీటర్లకు ఎక్కించి మళ్లీ మొదలు. రెండుసార్లు అలా అయితే మూడోసారి నేల మీద ప్రయత్నించను, చేత్తో పట్టుకుంటాను.

మినీ సైజు డ్రోన్‌కి గాలిలో చేతి పట్టే మేలు. నేల దగ్గరి ఇసుక లేదు, పల్టీ లేదు. పెద్ద రెక్కల డ్రోన్లకు ఇది ఒంటిచేత్తో చేసే పని కాదు. ముందు సెట్టింగుల్లో అడ్డంకుల సెన్సర్ ఆపేయాలి, లేకపోతే దగ్గరికి వస్తున్న మనిషిని చూసి వెనక్కి జరుగుతుంది. టోపీ తీసేయాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి, మెడలో వేలాడే రిమోట్ పట్టీ, చున్నీ, ఐడీ కార్డు తాడు చొక్కాలోకి. నిలబడే చోటు ముఖ్యం. గాలి మన వీపుకు తగలాలి, డ్రోన్ మన ముందు ఉండాలి. విసురు వస్తే అది మన ముఖం మీదికి కాకుండా దూరంగా పోతుంది. ఈ ఒక్క పనికి ముక్కు గాలికి ఎదురు ఉండాలన్న నియమం పక్కన పెట్టి, డ్రోన్ తోక మనవైపు ఉంచుతాను. కుడి ఎడమలు తారుమారు కావు.

ఇద్దరుంటే ఇంకా తేలిక. నేను రిమోట్ మీద, తమ్ముడు పట్టుకునేవాడు. మాటలు ముందే ఒప్పుకుంటాం, అవి తప్ప వేరే మాట ఉండదు.

"ఆపాను."

"ఇంకొంచెం కిందికన్నా. ఇంకొంచెం. చాలు."

"కదపను. నీ ఇష్టం."

"పట్టా."

"పట్టావా?"

"పట్టానన్నా, దించు."

ఆ రెండోసారి అడగడం ఊరికే కాదు. చెయ్యి తగిలీ తగలకముందే ఎడమ స్టిక్కు లాగితే డ్రోన్ చెయ్యి జారి పడుతుంది. చెయ్యి కింద నుంచే రావాలి, తోక పక్క పొట్ట భాగాన్ని బొటనవేలూ రెండు వేళ్లతో పట్టాలి, వేళ్లు పొట్ట అంచు దాటి పైకి రాకూడదు. తటపటాయిస్తూ చెయ్యి పెట్టి తీస్తే కింది సెన్సర్ చేతిని నేల అనుకుని డ్రోన్‌ని పైకి ఎత్తుతుంది. ఒకే కదలికలో పట్టేయాలి. ఎత్తు కళ్లకంటే పైన, చెయ్యి దాదాపు చాచి. పట్టాక అది పెనుగులాడుతుంది. మన చేతిలో వంగిందని తెలిసి ఒక పక్క మోటార్లు గట్టిగా తిప్పుతుంది, మోత పెరుగుతుంది. భయపడి వదలకూడదు. మట్టంగా పట్టుకుని నిలబడితే రెండు మూడు సెకన్లలో ఆగుతుంది.

పల్టీ కొట్టిందే అనుకోండి. ముందు ఎడమ స్టిక్కు కిందికి. ఆగకపోతే రెండు స్టిక్కులూ కిందికీ లోపలికీ లాగి పట్టండి, మోటార్లు ఆగుతాయి. పరిగెత్తి చేత్తో ఎత్తకండి, రెక్కలు ఇంకా తిరుగుతుండగా వేళ్లు పోగొట్టుకునేది అక్కడే. ఇసుకలో బోర్లాపడ్డ డ్రోన్‌ని దులిపి వెంటనే మళ్లీ ఎగరేయడం మరో తప్పు.

మన తీరం ఇసుకలో నల్ల రేణువులు ఉంటాయి. అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద నల్ల చారలుగా కనిపించేవి అవే. వాటిలో కొన్ని అయస్కాంతానికి అతుక్కుంటాయి. మోటారు లోపల ఉన్నవి అయస్కాంతాలే కదా, వదలవు. బ్లోయర్‌తో ఊదితే మామూలు ఇసుక పోతుంది, ఇవి పోవు. సెల్లోటేపును సన్నగా చుట్టి, జిగురు వైపు బయటికి పెట్టి, మోటారు సందులో తిప్పి తీస్తే మీసం మొలిచినట్టు నల్లగా వస్తాయి. రెండు మూడు టేపులు పడుతుంది. తర్వాత రెక్కను వేలితో మెల్లగా తిప్పుతూ మోటారుకు చెవి ఆనించి వినండి. నాలుగూ ఒకేలా ఉండాలి. ఒకటి గరగర అంటే దాన్ని ఎగరేయకండి. బయట కాస్త తడి గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడవాలి, ఉప్పు తుంపర ఎండి కెమెరాను నిలకడగా పట్టే గింబల్ కీళ్ల దగ్గర తెల్లగా పేరుకుంటుంది.

రెక్కల అంచు కంటికి బాగానే కనిపిస్తుంది. గోరు ఒక చివర నుంచి మరో చివరకు నడిపించండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే ఆ మోటారుకున్న రెండు రెక్కలూ కలిపి మార్చాలి, ప్యాకెట్‌లో వచ్చే కొత్త మరలతో.